తోక లేని గ్రాహకాలు

రోజు 2

నిన్న ఉదయం మూడో గట్టు నుంచి నాలుగో గట్టుకు వెళ్లే బుట్ట తీగ తెగింది. బుట్టలో ఉన్నది ఒక్క మనిషే, సూరీడమ్మ. ప్రాణం దక్కింది. తెగిన తీగ కొస మాత్రం కొరడాలా వచ్చి ఆమె కుడి మణికట్టు మీద కొట్టింది. బొటనవేలికీ దాని పక్కనున్న రెండు వేళ్లకూ స్పర్శ ఇచ్చే నరం పూర్తిగా తెగిపోయింది. ఒడ్డున ఉన్న సర్జన్ తెర మీద చూస్తూ, మా దగ్గరున్న మరచేతులతో నాలుగు గంటలు కుట్టారు.

నేను కోరాడ వైకుంఠరావును. మూడో గట్టు ఆసుపత్రిలో వెన్ను రీడర్‌ని. డాక్టర్‌ని కాను. నరం దెబ్బతిన్న ప్రతి మనిషికీ దెబ్బ తగిలిన రోజును ఒకటిగా పెట్టుకుని ఈ లాగ్‌బుక్ రాయడం నా పని.

సూరీడమ్మ ఈ అయిదు గట్లకూ మంత్రసాని. నడిసముద్రంలో గాలిమరల స్తంభాల మధ్య గట్లు వేసి ఊళ్లు కట్టుకున్న మాకు, తుపాను రోజుల్లో ఒడ్డు నుంచి ఎవరూ రాలేరు. ఇరవై నాలుగేళ్లుగా పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో చెప్పేది ఆమే. నా కూతురు కూడా ఆ చేతుల్లోనే పడింది. అందరూ ఆమెను అప్పా అని పిలుస్తారు, అక్క అన్నట్టు. నేనూ అంతే.

మత్తు దిగాక ఆమె అడిగిన మొదటి మాట: "తమ్ముడూ, ఏళ్లు ఉన్నాయా?"

"ఉన్నాయి అప్పా. అయిదూ ఉన్నాయి."

"మరి నాకెందుకు తెల్డం నేదు?"

రోజు 5

పొద్దున్నే మంచు వలలు దులిపి తాగునీళ్లు పట్టుకున్నాను. ఆసుపత్రి కిటికీల మీద పేరుకున్న ఉప్పు గీకాను. తర్వాత అప్ప మెడకు పట్టీ కట్టి వెన్ను చదివాను.

గట్ల మీద పనికి వచ్చే ప్రతి ఒక్కరికీ వెన్నుపాము పక్కన వెంట్రుకంత పోగు ఒకటి పెడతారు. రంగు మందు ఎక్కించి పట్టీ కడితే, వెన్నులో గ్రాహకాలు ఎన్ని ఉన్నాయో ఆ పోగు చెబుతుంది. నరాన్ని పెరగమని చెప్పే పదార్థాన్ని వృద్ధి కారకం అంటారు. దాన్ని అందుకునేవే గ్రాహకాలు. కణం గోడకు గుచ్చుకుని ఉంటాయి, తల బయటా తోక లోపలా. తల కారకాన్ని పట్టుకుంటుంది, తోక ఆ కబురును లోపలికి చేరవేస్తుంది. దెబ్బ తగిలింది చేతికి అయినా, చేతి కబుర్లు చేరే చోటు మెడ దిగువన వెన్నులో ఉంది. నరం తెగగానే అక్కడ గ్రాహకాలు పెరుగుతాయి.

మామూలు మనిషికి వంద అనుకుంటే, అప్పకు ఈ రోజు రెండు వందల ముప్పై.

అవి పెరిగితే నొప్పి కూడా పెరుగుతుంది. పైట కొంగు చేతికి తగిలితే చాలు, అప్ప పళ్లు బిగించి కళ్లు మూసుకుంటోంది. వేలి కొసల్లో స్పర్శ లేదు. అరచేతి మొదట్లో, మణికట్టు చుట్టూ మాత్రం నిప్పు పోసినట్టుగా ఉందట.

"కాలింది ఏలు కాదు, ఏలు ఉండాల్సిన సోటు," అంది.

దీనికి ఒక మందు ఉంది. మూత అంటాం. వెన్నులో గ్రాహకాలకు అడ్డం పడుతుంది. రెండు రోజుల్లో నొప్పి దిగుతుంది, నెలకల్లా మనిషి పనిలోకి వెళ్తాడు. వీలైతే పదో రోజు లోపు, ఆలస్యమైతే ఆ తర్వాతైనా వేయాలని రూలు. నా చేతులతో నేను నలభై ఒక్క మందికి వేశాను.

రోజు 9

ఒడ్డు పడవ రాలేదు. వాయుగుండం దాటేదాకా రాదన్నారు. మూత మందు ముందే అయిపోయింది, ఆ పడవలోనే రావాలి. రంగు మందు కూడా చివరి బుడ్డి నిన్నటితో ఖాళీ. మామూలు నొప్పి మాత్రలు ఇస్తున్నాను. వాటితో గంటసేపు కునుకు పడుతోంది, అంతే.

ఆమె భర్త తవిటయ్య నాచు ఆరబెట్టే పనిలో ఉంటాడు. రోజూ మధ్యాహ్నం గంజి తెచ్చి, చెయ్యి తగలకుండా ఎడమ పక్క కూర్చుని పట్టిస్తాడు. మాట తక్కువ మనిషి. ఈ రోజు వెళ్తూ అడిగాడు.

"బాబూ, ఆ మందు ఏస్తే ఈ బాద పోద్దా?"

"పోతుంది. పడవ రాగానే వేస్తాను."

ఆ మాట చాలా తేలిగ్గా అన్నాను. ఈ పుస్తకంలో అది రాసి ఉండాలి.

రోజు 12

అలమర అడుగున ఇంకో రకం రంగు మందు దొరికింది. రెండేళ్ల కిందట ఒడ్డు వాళ్లు ఏదో పరీక్ష కోసం పంపి మరిచిపోయింది. మేం రోజూ వాడే రంగు గ్రాహకం తలకు అంటుకుంటుంది. ఇది తోకకు అంటుకుంటుంది. లెక్క ఒకటే వస్తుంది కదా అని వాడాను. అప్పకు రెండు వందల అరవై. సరిపోయింది.

రోజు 13

గవిరయ్యకు ఏడాది పరీక్ష. నేను మూత వేసిన మొట్టమొదటి మనిషి అతనే, ఆరేళ్లయింది. అప్పట్లో గట్లన్నిటిలోనూ మోకుల పాయలు అల్లడంలో అతన్ని మించినవాడు లేడు. కళ్లు మూసుకుని, వేళ్లతో తడుముతూ అల్లేవాడు. చేతి నరం తెగిన తర్వాత ఆ పని వదిలేసి బుట్టల లివర్ దగ్గర నిలబడుతున్నాడు. నన్ను ఎక్కడ చూసినా దణ్ణం పెడతాడు. నొప్పి తీసేసిన దేవుణ్ణట.

మొన్న వేసవిలో అతను పొయ్యి మీద పులుసు దాకను ఉత్త చేత్తో దించాడు. వాసన వచ్చేదాకా తన వేళ్లు కాలుతున్నట్టు తెలియలేదు.

ప్రతి ఏడాదీ అతని లెక్క వంద దగ్గర ఉంటుంది. మామూలు మనిషి లెక్క. ఈ రోజు తోక రంగుతో చదివితే ఆరు వచ్చింది.

పట్టీ విప్పి మళ్లీ కట్టాను. ఆరే. పట్టీ పాడైందనుకుని, అదే రంగు ఎక్కించుకుని నా మెడకే కట్టుకున్నాను. తొంభై ఎనిమిది.

"ఏటి బాబూ, ఏటైనా తేడా ఉందా?" అన్నాడు.

"మెషిన్ సరిగా లేదు, గవిరయ్యా," అన్నాను.

అది అబద్ధమని అప్పటికి నాకు పూర్తిగా తెలియదు. అనుమానం మాత్రం ఉంది.

రోజు 16

మూత వేసిన మరో ముగ్గురిని ఏదో సాకు చెప్పి పిలిచాను. నాలుగు, తొమ్మిది, అయిదు. నరం తెగినా తుపాను భయంతో అప్పట్లో ఒడ్డుకు వెళ్లిపోయి, మూత వేయించుకోని వాడు ఒకడున్నాడు, వాడినీ పిలిచాను. నూట పది. వాడి వేళ్లకు స్పర్శ ఉంది. పూర్తిగా కాదు, కానీ ఉంది. అదృష్టవంతుడు అనుకునేవాళ్లం.

ఇప్పుడు అర్థమవుతోంది. మూత వేస్తే గ్రాహకాలు పనిచేయడం మానేస్తాయి. కణం ఆ లోటు పూడ్చుకోవడానికి కొత్తవి తయారుచేస్తుంది. అవి తోక లేనివి. కారకాన్ని పట్టుకుంటాయి, కబురు మాత్రం లోపలికి పంపవు. మందు ప్రభావం తీరిపోయాక కూడా అవే మిగిలిపోతాయి. మేం తలలు లెక్కపెట్టి, వంద ఉన్నాయి, వెన్ను బాగుంది అని రాసుకున్నాం. కుట్టిన నరం పెరగడానికి కావలసిన కబురు వాళ్లలో ఎవరికీ చేరలేదు.

నరం తెగితే స్పర్శ పోతుంది, అది దెబ్బ స్వభావం అని ఆరేళ్లుగా వాళ్లందరికీ చెప్పాను.

రోజు 19

పడవ వచ్చింది. మూత మందు పన్నెండు బుడ్లు, బియ్యం, ఫిల్టర్లు.

తెర మీద డాక్టర్ హైమవతి గారితో మాట్లాడాను. ఒడ్డున మా అయిదు గట్ల బాధ్యత ఆవిడది. అంకెలన్నీ చూపించాను. ఆవిడ వాటిని ఒక్కొక్కటిగా చదివారు.

"వైకుంఠరావు గారూ, నలుగురు సరిపోరు. మీరనేది నిజమే కావచ్చు. కానీ నలుగురిని చూసి మందు ఆపమని నేను ఎలా చెప్పను? అవతల ఆ మనిషి నరకం పడుతోంది కదా."

"వేయమంటారా?"

"రూలు ప్రకారం వేయాలి." గొంతు తగ్గించి, "ఆమెకు విషయం చెప్పి, ఆమె వద్దంటే, బలవంతంగా వేయమని ఏ రూలూ లేదు," అన్నారు.

మందు బుడ్డి పట్టుకుని అప్ప మంచం దగ్గర కూర్చున్నాను. తవిటయ్య కూడా ఉన్నాడు. తల, తోక, కబురు అన్నీ చెప్పాను. నాకు తెలిసింది నలుగురి సంగతే అని కూడా చెప్పాను. నరం రోజుకు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు నుంచి వేలి కొస దాకా వెళ్లడానికి ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ నొప్పి ఉండొచ్చు. చివరికి స్పర్శ రాకపోనూ వచ్చు.

తవిటయ్య వెంటనే అన్నాడు. "ఏసేయండి బాబూ. సూడ్లేకపోతన్నాను."

అప్ప అతని వైపు చూసింది. "నీకు నొప్పా, నాకా?" అంది. కోపంగా కాదు. తర్వాత నన్ను అడిగింది, "ఇప్పుడు కాపోతే మరెప్పుడైనా ఎయ్యొచ్చా?"

"వేయొచ్చు. ఎప్పుడడిగినా వేస్తాను."

"అయితే ఇయ్యాలకి ఒగ్గేయ్."

రోజు 31

గవిరయ్యకు చెప్పాను.

పన్నెండు రోజులు తప్పించుకు తిరిగాను. పక్క గట్టుకు పోవాలంటే అతని బుట్ట ఎక్కాలి గనక పనులు వాయిదా వేసుకున్నాను. ఈ ఉదయం అతనే కాలిన వేళ్లకు పూత కోసం వచ్చాడు. పూత రాస్తూ మొదలుపెట్టి, అది ఆరేలోపు అంతా చెప్పేశాను.

గవిరయ్య తన వేళ్లను తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"మీకప్పుడు తెల్సా?"

"తెలియదు."

"మొన్న మెషిన్ పాడయిందన్నప్పుడు?"

"అప్పుడు అనుమానం వచ్చింది. చెప్పలేదు."

లేచి తలుపు దాకా వెళ్లి ఆగాడు. "మోకు పట్టుకుంటే దాని ప్రాణం ఏలికి తెలిసీది బాబూ. ఎక్కడ తెగుద్దో ముందే తెలిసీది. మొన్న అప్ప బుట్ట తీగని పొద్దున్న నానే తడిమి సూసినాను. బాగుందనుకున్నాను."

ఆ మాట నేను ఊహించలేదు. అతని తప్పు లేదని, తీగ తనిఖీ అతని పని కాదని చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. వెళ్లిపోయాడు. దణ్ణం పెట్టలేదు.

మిగిలిన నలభై మందికీ ఈ వారంలోనే చెప్పాలని పేర్లు రాసుకున్నాను.

రోజు 47

ముప్పై మూడు మందికి చెప్పాను. ఒకామె తిట్టింది. ఇద్దరు ఏడ్చారు. ఎక్కువ మంది, ఇప్పుడేం చేయొచ్చు అన్నారు. ఏమీ చేయలేమని చెప్పడం తిట్లు తినడం కంటే కష్టంగా ఉంది. అయిదో గట్టు మీద ఒక ముసలాయన మాత్రం, ఆ నొప్పి మళ్లీ పడమంటే సముద్రంలో దూకేస్తాను, నాకు మీరు మేలే చేశారు అన్నాడు. అదీ రాసిపెడుతున్నాను.

రోజు 58

అప్ప ఈ రోజు మూత అడిగింది.

పది రోజులుగా సరిగా నిద్రలేదు. తువ్వాలు తగిలితే అరుస్తోంది. గాలి తగలకుండా చేతి చుట్టూ చిన్న పంజరం కట్టాను, అయినా లాభం లేదు. నిన్న నాలుగో గట్టు మీద ఒకమ్మాయికి పురుడు వచ్చింది. అప్ప వెళ్లలేక, తెర మీద చూస్తూ వాళ్ల అత్తకు ఎలా చేయాలో చెప్పింది. బిడ్డ బతికింది. కానీ అడ్డం తిరిగిన సంగతి ఎవరికీ చాలాసేపటి దాకా తెలియలేదు. తల్లికి చాలా రక్తం పోయింది.

"నా సెయ్యి ఉంటే తెలిసీది," అంది అప్ప. మళ్లీ వెంటనే, "ఈ సెయ్యి నాకొద్దు తమ్ముడూ. మూత ఏసేయ్," అంది.

మాట ఇచ్చాను గనక మందు తీశాను. చెప్పవలసింది మళ్లీ ఒకసారి చెబుతుండగా గవిరయ్య వచ్చాడు. తవిటయ్య పిలిపించాడట. వేసేయమని మొదట్లో తొందరపెట్టిన తవిటయ్యే.

గవిరయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కాలిన వేళ్లు దుప్పటి మీద పెట్టాడు.

"అప్పా, నాను ఓర్చుకోమని సెప్పడానికి రానేదు. ఆ మంట నాకు తెల్సు. పన్నెండు రోజులు పడ్డాను, సచ్చిపోవాలని మొక్కుకున్నాను."

"మరేటి సెప్తావు?"

"ఏసుకుంటే ఏటవుద్దో సెప్తాను. రేపెల్లుండికి అద్దిరిపోయే నిద్ర పడద్ది. వారానికి నవ్వుతావు. ఏడాదికి నీ మనవడి బుగ్గ పట్టుకుంటావు, పట్టుకున్నట్టు తెల్దు. అదీ అలవాటైపోద్ది. నానెవుడికీ సెప్పనేదు గానీ, దానికి అలవాటు పడ్డమే నాకు ఎక్కువ బాదయింది."

అప్ప అతని కాలిన వేళ్ల వైపు చూసింది.

"నువ్వయితే ఏసుకుందువా, వొద్దందువా?"

"తెల్దప్పా. నన్నెవులూ అడగనేదు గదా."

అతను వెళ్లాక చాలాసేపటికి అప్ప, మందు వెనక్కి పెట్టెయ్, పది రోజులు చూస్తాను అంది. పది రోజుల తర్వాత మళ్లీ పది రోజులట. ఆరు నెలలు ఒక్కసారిగా మోయలేను, పదేసి రోజులు మోస్తాను అంది.

రోజు 96

హైమవతి గారు పిలిచారు. తోక రంగు మందు మిగతా తీరం గట్లకు కూడా పంపి చదివించారట. మూడు వందల మందికి పైగా. అన్ని చోట్లా అంతే.

"రిపోర్టులో మీ పేరు పెట్టాను. నా సంతకంతో వెళ్లిన పాత రూలు గురించి కూడా రాశాను," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉన్నారు, అవి తుడిచినవే.

కొత్త రూలు వచ్చింది. ఇకమీదట మూత వేసేముందు ఏం పోతుందో, ఏం వస్తుందో చెప్పాలి. మనిషి అడిగితేనే వేయాలి.

అప్పకు ఇప్పుడు నూట డెబ్బై. నొప్పి ఉంది. తువ్వాలు కప్పుకోగలుగుతోంది.

రోజు 133

అరచేతి మధ్యలో వేలితో కొడితే బొటనవేలి మొదట్లో చీమలు పాకినట్టుందట. పెరుగుతున్న నరం కొస అక్కడి దాకా వచ్చిందన్నమాట. తవిటయ్య రోజూ పొద్దున్నే ఆ చోట కొట్టి, చీమలు ఎందాకా పాకాయో అడిగి పెన్నుతో గీత పెడుతున్నాడు. నేను కొలిచే దానికీ అతని గీతకూ తేడా రావడం లేదు.

రోజు 204

కళ్లకు గుడ్డ కట్టి పరీక్ష చేశాను. తడి గుడ్డ, పొడి గుడ్డ, సూది మొన, సూది బొడిపె. బొటనవేలు అన్నీ సరిగా చెప్పింది. చూపుడు వేలు మూడు చెప్పింది. మధ్య వేలు ఒక్కటీ చెప్పలేదు. అది వస్తుందో రాదో నాకు తెలియదని చెప్పాను.

"ఈ రెండూ సాల్లే," అంది. "మూడోది రెండిటిని సూసి నేర్సుకుంటాది."

చలికాలం గాలికి ఇప్పటికీ చెయ్యి మండుతుంది. బహుశా ఎప్పుడూ మండుతుంది. అదీ చెప్పాను.

రోజు 219

రెండో గట్టు మీద ఎనిమిదో నెల గర్భిణి. అప్ప దెబ్బ తగిలాక మొదటిసారి పొట్ట మీద కుడి చెయ్యి పెట్టింది. నేను గది బయట నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. ఇదివరకు ఇంతసేపు పట్టేది కాదు. చెయ్యి తీసి మళ్లీ పెట్టినట్టుంది, ఆ అమ్మాయి నవ్వు వినిపించింది.

బయటకు వచ్చి, "తల పైకుంది. రేపటి పడవకి ఒడ్డుకి పంపించీ," అంది.

రోజు 221

ఒడ్డు నుంచి కబురు వచ్చింది. తల పైకే ఉందట. ఆపరేషన్ చేస్తారట.

రోజు 1, కొత్త పుస్తకం

తీగల ముఠాలో పనిచేసే నూకరత్నం, ఇరవై ఆరేళ్లు. ఎడమ ముంజేతి నరం తెగింది. కుట్టారు. నాలుగు నెలల పాప ఉంది.

రోజు 6, కొత్త పుస్తకం

నూకరత్నం పాపకు పాలిచ్చేటప్పుడు ఎడమ చేతికి పాప కాలు తగిలితే నొప్పితో వణికిపోతోంది. రెండుసార్లు పాపను జారవిడవబోయింది. పాపను చూస్తేనే భయం వేస్తోందంటుంది.

నిన్న చెప్పవలసిందంతా చెప్పాను. తల, తోక, ఆరు నెలలు, పోయేది, తిరిగి రాకపోవచ్చన్నది. గవిరయ్య వచ్చి తన సంగతి చెప్పాడు. అప్ప వచ్చి తన చెయ్యి చూపించింది, పంజరంలో పెట్టుకుని అరిచిన రోజుల గురించి దాచకుండా చెప్పింది. నూకరత్నం అన్నీ శ్రద్ధగా విన్నది. తెలియనివి మళ్లీ అడిగింది. ఒక రోజు గడువు కావాలంది, ఇచ్చాను.

ఈ రోజు మధ్యాహ్నం నిర్ణయం చెప్పింది.

"నాకు ఏసేయండి బాబూ. ఆరు నెలలకి దీనికి నడక వొచ్చేస్తాది. ఇప్పుడు ఎత్తుకోపోతే నానెప్పుడు ఎత్తుకుంటాను? ఈ సేతి ఏళ్లకి తెల్లకపోతే పోనీ. కుడి సెయ్యి ఉంది గదా."

నేను అప్ప వైపు చూశాను. ఏదైనా అంటుందేమోనని. అప్ప పాపను అందుకుని భుజం మీద వేసుకుని కిటికీ దగ్గరకు వెళ్లింది.

సిరంజి నింపాక మరోసారి అడిగాను.

"తెల్సే అడుగుతున్నాను. ఏసేయండి," అంది నూకరత్నం.

వేశాను.